సైకిల్లో సర్కారు భాగం

మా ఆయన బొరుగులు, అంటే మరమరాలు, అమ్మేవాడు. ఆదోనిలో మా వీధి చివర బొరుగుల భట్టీ ఉండేది. పెనంలో ఇసక కాగే వాసనతోనే మాకు తెల్లవారేది. ఆయన అక్కడ ఒక బస్తా తీసుకుని, నెత్తిన పెట్టుకుని, పెద్దకడుబూరు వైపు పల్లెలకు పోయేవాడు. బొరుగుల బస్తాకు బరువుండదు గానీ మనిషంత ఎత్తుంటుంది. ఆషాఢం గాలికి అది మనిషిని వెనక్కి లాగుతుంది. నడిచి పోయి వస్తే రోజుకు రెండు పల్లెలు తిరిగేవాడు. బాడుగ సైకిల్ తీసుకుంటే నాలుగు తిరగొచ్చు. అయితే ఎక్కువ తిరిగిన రెండు పల్లెల సంపాదన బాడుగకే పోయేది.

పల్లెల్లో డబ్బిచ్చి బొరుగులు కొనేవాళ్ళు తక్కువ. జొన్నలో శనక్కాయలో చేటలో తెచ్చి, బదులుగా బొరుగులు పోయించుకునేవాళ్ళు. పత్తి ఏరే కాలంలో ఆడవాళ్ళు కొంగులో దోసెడు పత్తి దాచి తెచ్చేవాళ్ళు. సాయంత్రం ఆయన తెచ్చిన సంచి విప్పి వేటికవి వేరు చేయడం నా పని. జొన్నలు మాకు తిండి. పత్తి, శనక్కాయలు పోగుచేసి బజారులో అమ్ముకునేవాళ్ళం.

ఎనభైలు మొదలైన కొత్తలో బ్యాంకు సారు ఒకాయన మా వీధికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి. మెత్తగా, తొందర తొందరగా మాట్లాడేవాడు. నెత్తిన మోసి బతికేవాళ్ళకు అప్పిచ్చి, పనికి కావలసిన సామాను కొనిపెడతామన్నాడు. మా ఆయన ఎగిరి గంతేసి సైకిల్ కావాలన్నాడు. సారు మా గడప ముందు నిలబడి వివరంగానే చెప్పాడు.

"సైకిల్ ఖరీదులో మూడింట ఒక భాగం ప్రభుత్వానిది. మిగిలిన రెండు భాగాలు మీవి. మీ రెండు భాగాలూ నెలనెలా బ్యాంకులో కట్టుకోండి. అర్థమైందా అమ్మా?"

అర్థమైందని తల ఊపాను. నాకు అర్థమైన సంగతి మాత్రం వేరు.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు దగ్గర పల్లె. ఆ పక్క పశువును సరిపాలుకు ఇచ్చే పద్ధతి ఉండేది. ఉన్నవాడు దూడను కొని లేనివాడికి అప్పగిస్తాడు. లేనివాడు దాన్ని మేపి, కడిగి, పెద్ద చేస్తాడు. అది ఈనాక పెద్దమనుషులు కూర్చుని ధర కడతారు. ఆ ధరలో సగం రెండోవాడికి ఇచ్చి, ఇద్దరిలో ఎవరైనా పశువును ఉంచుకోవచ్చు. మా నాయన ఒక ఎనుము దూడను అట్లా మేపాడు. సొంతదారు దాని చెవి కొస కోసి, గుర్తు పెట్టి మరీ ఇచ్చాడు. నెలకోసారి వచ్చి వీపు నిమిరి, "ఎట్లుంది? బాగా మేస్తాందా?" అని అడిగి పోయేవాడు.

మా నాయనకు ఆ దూడంటే ప్రాణం. "సూడన్నా దాని నిగనిగ! ఈ సుట్టుపక్కల ఇట్లాంటిది యాడన్నా ఉందా?" అని ఆ సొంతదారు ముందే పొగిడేవాడు. అది ఈనిన రోజున ఆ పొగడ్తలన్నీ ధరలోకి వచ్చి కూర్చున్నాయి. అందులో సగం ఇచ్చుకోలేక మా నాయన పలుపు వాళ్ళ చేతికిచ్చాడు. మాకు రావలసిన సగాన్ని పాత బాకీ కింద పట్టుకున్నారు. మా అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే ఒక మాట అంది. "పరాయివాళ్ళ భాగముండే దాన్ని ఎవరన్నా నోరారా పొగుడుతారా?"

ఆ మాట నా ఎముకల్లో ఇంకిపోయింది. అందుకే సారు నోట "ఒక భాగం ప్రభుత్వానిది" అని విన్నప్పుడు నాకు దూడ కనిపించింది. ఆయన అటు పోగానే మా ఆయనను పట్టుకున్నాను.

"సర్కారు భాగమని ఆయప్పే సెప్పినాడు గదా. రేపు వచ్చి ఆ భాగం పెట్టమంటే యాన్నుంచి పెడతావు?"

"అది మనకు ఇడిసిపెట్టినట్టేనంట. కట్టే పన్లేదంట."

"ఊరికే ఎవరిడుస్తారు? నీ మొగం సూసా?"

"నా మొగం సూసి కాదులే. నీ మొగం సూసి ఇచ్చినారు. వచ్చి ఏలిముద్ర ఎయ్యి."

నవ్వించి నా చేత వేలిముద్ర వేయించాడు. ఇద్దరి ముద్రలూ కావాలన్నారు బ్యాంకులో. వేలికి సిరా పూస్తున్నంతసేపూ ఆ కాగితంలో భాగం మాట ఎక్కడ రాశారా అని చూశాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, మనవరాలి పలక ముందు కూర్చుని. అప్పటికి అన్ని గీతలూ ఒకే మాదిరిగా ఉండేవి.

సైకిల్ వచ్చింది. నల్లగా మెరుస్తోంది. వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో ఏదో రాసి ఉంది. బ్యాంకు పేరు, అప్పు నంబరు అని మా ఆయన చెప్పాడు. చెవి కోసినట్టే అనుకున్నాను. సగం కాదు, మూడో వంతే కాబట్టి మా నాయన బేరం కంటే ఇది కొంత నయం అని కూడా అనుకున్నాను.

ఆయన దాన్ని మంత్రాలయం తీసుకుపోయి పూజ చేయించుకొచ్చాడు. మరుసటి రోజు నుంచి క్యారియర్‌కు రెండు పక్కలా రెండు బస్తాలు, పైన ఒకటి కట్టుకుని పోయేవాడు. వెనకనుంచి చూస్తే మనిషి కనిపించడు, బస్తాలే దొర్లిపోతున్నట్టు ఉండేది. రోజుకు ఐదు పల్లెలు తిరిగాడు. ఆదివారం ఎమ్మిగనూరు సంతకు కూడా పోసాగాడు. అక్కడి మగ్గాల ఇళ్ళవాళ్ళు, బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఉగ్గానికని, డబ్బిచ్చి కొనేవాళ్ళు. నాలుగు నెలలు తిరిగేసరికి మా ఇంట్లో ఉన్న మూడు కుండలు చాలక, ఇంకో నాలుగు పెద్ద కుండలు కొన్నాను. అన్నింటినీ లోపలి గదిలో వరసగా పెట్టి, మీద బొంతలు పరిచాను. చూసినవాళ్ళకు పడక అనిపించేటట్టు. సైకిల్లో భాగమున్నవాడికి అది తెచ్చిపెట్టే గింజల్లోనూ భాగముంటుంది కదా.

సారు మొదటిసారి చూసిపోవడానికి వచ్చినప్పుడు మా ఆయన పల్లెల్లో ఉన్నాడు. నేను గడపలో కూర్చుని శనక్కాయలు వొలుస్తున్నాను. సారును చూడగానే చేటను చాప కిందికి తోసేశాను.

"ఏమ్మా, సైకిల్ ఎలా ఉంది? బాగా నడుస్తోందా?" అని అడిగాడు.

దూడ వీపు నిమిరిన మనిషి గొంతు నాకు చెవిలో మోగింది.

"యాడ సారూ! అది వచ్చిన్నుంచి పంచరే పంచరు. వారానికి ఒగ తూరి కూడా బయటికి తీయడు."

"ఇప్పుడేది మరి?"

"రిపేరు అంగట్లో పడింది."

"రోజుకు ఎంత మిగులుతోంది?"

"మిగిలేదేముంది సారూ, గాలి కొట్టించేదానికే సాలదు."

సారు ఇంట్లోకి తొంగి చూశాడు. చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చాను. ఉగ్గాని పెడితే ఇంట్లో ఉన్నట్టు తెలిసిపోతుందని, పొయ్యి మీద ఉన్నదాని మీద మూత పెట్టేశాను. సారు పోయాక నేను గెలిచినట్టే అనిపించింది. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. చెబితే నవ్వి నలుగురిలో పెడతాడని.

వానలు పడ్డాయి. మా పల్లెల దారులన్నీ నల్లరేగడి. తడిస్తే ఆ మన్ను చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య దూరి గట్టిపడుతుంది, బండి అడుగు కదలదు. మనిషి సైకిల్‌ను ఎక్కడం పోయి, సైకిలే మనిషి భుజం ఎక్కుతుంది. అందుకని ఆ పక్క సైకిలున్న ప్రతివాడూ తొలివానకే మడ్‌గార్డులు ఊడదీస్తాడు. మా ఆయనా ఊడదీసి, సారు అడిగితే చూపిద్దామని చూరులో దోపాడు. తెల్లరంగు రాత రోజూ నన్ను చూస్తున్నట్టు ఉండేది. ఒకరోజు ఆయన లేనప్పుడు రెండు మడ్‌గార్డులనూ తీసుకుపోయి కమ్మరికి ఇచ్చేశాను. వాటి బదులుగా క్యారియర్‌కు రెండు ఇనప కమ్ములు వేయించాను. ఆయన తిట్టాడు గానీ, కమ్ములతో నాలుగో బస్తా కూడా పట్టడంతో ఊరుకున్నాడు.

తర్వాత సారు ఇంకో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ సైకిల్ ఇంట్లో లేదు, నేను రెండుసార్లూ అది నడవడంలేదనే చెప్పాను. మూడోసారి ఆయన మెత్తని మాట గట్టిపడింది.

"ఎప్పుడొచ్చినా రిపేరేనా? ఏ అంగడో చెప్పండి, పోయి చూసుకుంటాను."

"నాకేం తెలుసు సారూ, మగోళ్ళ సంగతి."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నేను ఆయనను అనుమానించినట్టే ఆయన కూడా నన్ను అనుమానిస్తున్నాడని నాకు తోచనే లేదు.

పది రోజులకు పోస్టులో ఒక కాగితం వచ్చింది. మా ఆయన దాన్ని బాడుగ సైకిళ్ళ అంగడాయన దగ్గరికి తీసుకుపోతే నేనూ వెంట పోయాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, మొహం మా వైపు తిప్పాడు.

"అప్పుతో కొన్న సైకిల్‌ను మీరు అమ్ముకున్నారంట. సోమారం లోపల బండి చూపించాల. ల్యాకుంటే అప్పంతా ఒగేసారి కట్టాలంటాండారు."

నాకు ఒళ్ళు మండింది. మేము సైకిల్ కొన్నందుకు ఈయనకు బాడుగ పోయింది. మళ్ళీ తన సైకిల్ ఎక్కాలని లేనిది చదువుతున్నాడు అనుకున్నాను.

"నువ్వు సక్కంగా సదువన్నా. దాంట్లో ఉండేదే సదువు."

"నాకేమమ్మా, ఇంకొకనితో సదివించుకో పో!" అని కాగితం విసిరేశాడు.

ఎదురుచూసి, మరుసటి రోజు పోస్టు మనిషిని ఆపి చదివించాను. ఆయన కూడా అదే చదివాడు. అప్పుడు నమ్మక తప్పలేదు. మా ఆయన మాత్రం ధైర్యంగా ఉన్నాడు. "అమ్మలేదు గదా, తీస్కపోయి సూపిస్తే అయిపాయె" అన్నాడు. నేను ఏం చెప్పానో ఆయనకు తెలియదు.

సోమవారం ఇద్దరం సైకిల్‌ను నడిపించుకుంటూ బ్యాంకుకు పోయాము. సారు బయటికి వచ్చి దాని చుట్టూ తిరిగాడు.

"మడ్‌గార్డులేవి? మా నంబరేది?"

"వానకు తీసేసినా సార్. మన్ను ఇరుక్కుంటాది."

"తీసినవి తెచ్చి చూపించండి."

మా ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"కమ్మరికిచ్చినాము సార్" అన్నాడు ఆయనే.

సారు సీటు కింద వంగి చూశాడు. అక్కడ కంపెనీ వాళ్ళు కొట్టిన అంకెలేవో ఉన్నాయి. లోపలికి పోయి కాగితాల కట్ట తిరగేశాడు. అంగడివాళ్ళు ఇచ్చిన బిల్లులో ఆ అంకెలు రాయలేదట.

"ఇది బాడుగ బండి కాదని ఎలా నమ్మమంటారు? వేరే వీధిలో ఒకాయన ఇలాగే బాడుగ బండి తెచ్చి చూపించిపోయాడు. అసలుది ఎప్పుడో అమ్మేశాడు."

"దేవుని సాక్షి సార్! దీన్ని ఇడిసి ఒగరోజు కూడా నేను లేను."

"మీ ఆవిడ అలా చెప్పలేదే! వారానికి ఒకసారి కూడా బయటికి తీయవని మూడుసార్లు చెప్పింది."

మా ఆయన తల తిప్పి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదది, ఎవరి ఇంటి మనిషివి నువ్వు అన్నట్టు చూశాడు.

"అబద్ధం సెప్పినాను సారూ" అన్నాను.

"ఎందుకు?"

ఎందుకో చెబితే ఉన్నదంతా చెప్పినట్టే కదా. సారు నా మౌనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. సైకిల్‌ను గొలుసుతో కిటికీ ఊచకు కట్టించాడు.

"శుక్రవారం మీ ఇంటికి వస్తాను. ఈ సైకిల్ మీద బతుకుతున్నామంటున్నారుగా, ఆ సంపాదన కళ్ళకు చూపించండి. చూపించలేకపోతే ఇది ఇక్కడే ఉంటుంది."

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన నన్ను వెనక వదిలి ముందు నడిచాడు. మరుసటి పొద్దున బస్తా నెత్తిన పెట్టుకుని పోయాడు. సాయంత్రం వచ్చి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. పల్లెలో ఆడవాళ్ళు చుట్టూ చేరి "సైకిలేదన్నా, తాగి అమ్మినావా?" అని ఎగతాళి చేశారట. అది చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నేను గదిలోకి పోయి బొంతల మీద కూర్చుని ఆలోచించాను. చూపిస్తే సర్కారు తన భాగం పట్టుకుపోతుంది. దాస్తే సైకిల్ పోతుంది. మూడో వంతు పోతే రెండు వంతులు మిగులుతాయి. సైకిల్ పోతే ఈ కుండలు నిండవు, మళ్ళీ బస్తా ఆయన నెత్తికి ఎక్కుతుంది. గురువారం మధ్యాహ్నం బొంతలు తీసి, జొన్నలన్నీ నేల మీద పోసి, పడితో కొలవడం మొదలుపెట్టాను. రెండు పడులు ఇటు, ఒక పడి అటు. ఆయన గడపలో నిలబడి చూశాడు.

"ఏం చేస్తాండావే?"

"భాగాలేస్తాండా."

"ఎవురికి?"

"సర్కారుకు."

మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. చాలాసేపు నవ్వి, ఒక్కసారి ఆపేశాడు. "నిజంగా అడుగుతారంటావా?" అన్నాడు. లోపలికి వచ్చి, "శనక్కాయలు గూడా ఏసినావా?" అన్నాడు. తానే కూర్చుని శనక్కాయలు మూడు కుప్పలు చేశాడు. సర్కారు భాగం ఒక గోనెసంచిలో పోసి, మూతి కట్టి, వాకిలి పక్కన పెట్టాము.

శుక్రవారం సారు నడిచి వచ్చాడు. వెనక బ్యాంకు జవాను మా సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. దాని మీద పరాయివాడు కూర్చుంటే చూడటం కష్టంగా ఉంది. లోపలికి పిలిచి కుండల మూతలన్నీ తీశాను. జొన్నలు, శనక్కాయలు, మూటకట్టిన పత్తి. సారు ఒక్కో కుండలో చెయ్యి పెట్టి చూశాడు. మొహంలో బిగువు సడలింది. బయటికి వస్తూ గోనెసంచి దగ్గర ఆగాడు.

"ఇదేంటి, విడిగా పెట్టారు?"

"మీ భాగం సారూ. తీస్కపోండి."

ఆయన మొహం ఎర్రబడింది. జవాను పక్కకు తిరిగాడు.

"నాకు లంచం ఇస్తున్నారా? మీ జొన్నల కోసం వచ్చానా నేను? ఇదా మీ సంగతి!"

"లంచం కాదు సారూ! మీది కాదు, సర్కారుది. మూడింట ఒగటి. మీరే సెప్పితిరి గదా!"

సారుకు అర్థం కాలేదు. అప్పుడిక దాచడానికేమీ మిగల్లేదు. మా నాయన దూడ సంగతి, చెవి కోసిన గుర్తు సంగతి, మడ్‌గార్డు నేనే ఎందుకు వదిలించుకున్నానో, అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. సారు గడప మీద కూర్చున్నాడు. కర్చీఫుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ భాగం ప్రభుత్వం వాళ్ళు తీసుకోరమ్మా. మీకు ఇచ్చేసింది అది."

"ఈ యేడు తీసుకోరా సారూ, ఎప్పటికీ తీసుకోరా?"

"ఎప్పటికీ."

"కాయితంలో రాసినారా అట్లని?"

"రాసుంది."

"యాడ?"

ఆయన తన సంచిలోంచి కాగితం తీసి ఒక చోట వేలు పెట్టాడు. నేను వంగి ఆ చోటునే చూశాను. ఆయన మా ఆయనతో మాట్లాడుతుండగా జవానును పక్కకు పిలిచి, "సారు ఏలు పెట్టిన కాడ ఏముందో నువ్వు సూసినావాప్పా?" అని అడిగాను. జవాను "నేను సూల్లేదమ్మా, నన్ను ఇరికించొద్దు" అన్నాడు.

సైకిల్ మా వాకిట్లో వదిలిపోయారు. ఒక షరతు పెట్టారు, నంబరు మళ్ళీ రాయించాలని. ఈసారి ఊడదీయడానికి లేకుండా నడిమి కడ్డీ మీదే రాయించమన్నారు. మరుసటి రోజు బోర్డులు రాసే ఆయన వచ్చి, మునుపటికంటే పెద్ద అక్షరాలతో రాసిపోయాడు. రంగు ఆరేదాకా నేను దాని ముందే కూర్చున్నాను. భాగం లేకపోతే మళ్ళీ గుర్తెందుకు? మా ఆయనను అదే అడిగాను. "నీతో యాగలేను" అని బస్తాలు కట్టుకుని పోయాడు.

గోనెసంచి మూతి నేను విప్పలేదు. సారు ఆ నెలలో రాలేదు, మరుసటి నెలలో వచ్చి నవ్వుతూ మాట్లాడిపోయాడు. సంచి వైపు చూడనట్టు నటిస్తున్నాడేమో అని ఆయన కళ్ళనే గమనించాను. తర్వాత ఆయనకు బదిలీ అయిందని విన్నాము. కొత్తగా వచ్చేవాడు అడుగుతాడేమోనని ఇంకొన్నాళ్ళు చూశాను. అట్లా మళ్ళీ పత్తి ఏరే కాలం వచ్చింది. ఒకరోజు ఊడుస్తుంటే సంచి అడుగున తెల్లటి పిండి కనిపించింది. విప్పి చూస్తే జొన్నలు సగానికి సగం పురుగు పట్టి ఉన్నాయి.

చెరిగి, రెండు రోజులు ఎండబోసి, మిగిలినవి తిరగలిలో విసిరి రొట్టెలు చేశాను. కొంచెం చేదు తగిలాయి. మా ఆయన ఒక ముక్క నమిలి, నీళ్ళు తాగి నా వైపు చూశాడు.

"సర్కారు జొన్నలు ఇట్లే ఉంటాయా?"

"మాట్లాడకుండా తిను" అన్నాను.